సెకండ్ హ్యాండ్ స్క్రోల్ సాతో ఆరేళ్లు

స్క్రోల్ సా అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే మెషీన్. దాని గొంతు (బ్లేడుకూ వెనక ఫ్రేముకూ మధ్య చోటు) ఎన్ని అంగుళాలు, టేబులు ఎన్ని డిగ్రీలు వంగుతుంది లాంటివన్నీ వదిలేస్తున్నాను. స్క్రోల్ సా కొనాలనుకునేవాళ్లు అవి ఈపాటికే చదివి ఉంటారు. పేరు చెరిగిపోయిన పాత మెషీన్ కొనుక్కుని, స్పేర్లు ఏమని అడగాలో తెలియక తల పట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆరేళ్లుగా నేను పని చేస్తున్నది అలాంటి దాని మీదే.

అమెరికా నుంచి తిరిగొచ్చేసిన ఒక కుటుంబం సామాన్లతో పాటు సికింద్రాబాద్‌లోని సైనిక్‌పురికి చేరిన మెషీన్ ఇది. స్టిక్కరు మీద చదవగలిగినవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అన్న రెండు ముక్కలే. మోటారు పక్కన కార్బన్ బ్రష్షుల మూతలు కనిపించాయి కాబట్టి ధైర్యం చేశాను. బ్రష్షుల మోటారుకు మన 50 హెర్ట్జ్ కరెంటుతో పేచీ ఉండదు. అదే ఇండక్షన్ మోటారైతే వేగం ఆరో వంతు తగ్గేది, పైగా వేడెక్కేది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని తగిలించాను, దాని కథ అంతటితో సరి.

నేను కోసేవి తెలుగు అక్షరాలు. ఇళ్ల ముందు పెట్టుకునే పేరు పలకలు, చిన్నపిల్లలకు చెక్క అక్షరాలు. మన లిపి అంతా గుండ్రాలే కదా, లోపల ఖాళీ ఉన్న ప్రతి చోటా రంధ్రం పెట్టాలి, బ్లేడు ఒక కొస విప్పాలి, రంధ్రంలోంచి దూర్చాలి, మళ్లీ బిగించాలి. అందుకే కొసల్లో అడ్డంగా పిన్ను ఉండే బ్లేడు నాకు పనికిరాదు. ఆ పిన్ను దూరడానికే ఐదారు మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. ‘ఠ’ కడుపులో అంత చోటెక్కడిది? పిన్ను లేని 3వ నంబరు ప్లెయిన్ బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం చాలు. (‘ఠ’లో చుక్క కోత అయ్యాక ఊడి చేతిలోకి వస్తుంది. నేను సన్నటి వంతెన ఒకటి వదిలేస్తాను.)

మొదటి ఏడాది ఎవరు అడిగినా ‘దీనికి అదురే లేదు, టేబులు మీద రూపాయి బిళ్ల నిలబడుతుంది’ అని చెప్పాను. నిజమే, నిలబడింది. కానీ అప్పటికే మెషీన్‌ను మందపాటి కడప బండకు నాలుగు బోల్టులతో బిగించి ఉన్నాను. ఇల్లు మారినప్పుడు రెండు నెలలు మామూలు చెక్క బల్ల మీద పెట్టాల్సి వచ్చింది, అప్పుడు బల్ల మీది మేకులన్నీ నడుచుకుంటూ కింద పడ్డాయి. ఆ మెచ్చుకోలులో సగం కడప బండకు చెందాలి.

రెండో ఏడాది చివర్లో చప్పుడు మొదలైంది. వేగం తక్కువలో ఏమీ లేదు, సగం దాటితే టకటకటక. మోటారు వైండింగ్ చేసే షాపులో చూపిస్తే మోటారు పోయిందన్నారు. ఒక సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే మోడల్ నంబరు లేనిదే చూడలేమన్నారు. మూడు వారాలు ఇంటర్నెట్లో మెషీన్ ఫొటోలు పోల్చుకుంటూ కూర్చున్నాను. ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే పోత, రంగు మాత్రం వేరు, అలాంటివి నాలుగైదు కంపెనీల పేర్లతో కనిపించాయి. నాది వాటిలో ఏదో ఇప్పటికీ తేలలేదు.

చివరికి ప్లగ్ తీసేసి పక్క మూత విప్పాను. మోటారు కదలిక వెనకనున్న చిన్న చేతికి, అక్కడి నుంచి పొడవాటి రాడ్లతో ముందున్న చేతులకు అందుతుంది. కలిసే ప్రతి చోటా ఒక కీలు. ఎడమ చేతి వేలు కీలు మీద ఆనించి, కుడి చేత్తో రాడ్డును పైకీ కిందికీ ఊపుతూ ఒక్కో కీలునీ చూసుకుంటూ వచ్చాను. వెనక కింది కీలు దగ్గర వేలికి టిక్ మని తగిలింది. బోల్టు లాగితే లోపలి నుంచి కుంకుమ రంగు పొడి రాలింది.

ఆ పొడి ఎందుకొస్తుందో తెలుసుకున్నాక ఈ మెషీన్ నాకు నిజంగా అర్థమైంది. ఫ్యాన్‌లో బేరింగ్ గుండ్రంగా తిరుగుతుంది, గ్రీజు అంతటా పరుచుకుంటుంది. స్క్రోల్ సా కీళ్లు పూర్తిగా తిరగవు, కొద్ది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతాయంతే. కీలు లోపలి బేరింగులో గుళ్ల బదులు ఉండే సన్నటి ఉక్కు సూదులు ఎప్పుడూ అదే చోట రాసుకుంటాయి. గ్రీజు పక్కకు జరిగిపోతుంది, ఇనుము ఇనుమును ఒరుసుకుని ఎర్రటి పొడి అవుతుంది.

బేరింగును కిరోసిన్‌లో కడిగి, ఫోన్ కెమెరాతో అంచును పెద్దది చేసి చూశాను. హెచ్‌కే 0810. నాకు కలిగిన సంతోషం చెప్పలేను! మూడు వారాలు ఊరూ పేరూ తెలియని మెషీన్ కోసం వెతికిన నాకు, లోపలి ముక్క తన పేరు తనే చెప్పింది. లోపల 8 మిల్లీమీటర్లు, బయట 12, పొడవు 10. ప్రపంచంలో ఎక్కడైనా అదే కొలత.

రాణిగంజ్‌లో బేరింగుల కొట్టుకు వెళ్లి, మెషీన్ గురించి మొదలుపెట్టబోయాను.

“మెషీన్ ముచ్చట ఎందుకన్నా, నంబర్ చెప్పు,” అన్నాడు కౌంటర్లో మనిషి. నిమిషంలో డబ్బా తీసి ముందు పెట్టాడు. ఆ రోజు ఆటోకైన ఖర్చు బేరింగుకు కాలేదు.

ఇక్కడి నుంచి తప్పులన్నీ నావే. మొదటి బేరింగును సుత్తితో తట్టాను, పలచటి అంచు వంగి సూదులు రాలిపోయాయి. రెండోదాన్ని వైస్‌లో పెట్టి, నంబరు ఉన్న ముఖం మీదే ఒత్తిడి పడేలా మెల్లగా నొక్కాను, చక్కగా కూర్చుంది. నంబరు ఉన్న అంచే గట్టిది, ఎప్పుడూ అటు నుంచే నొక్కాలి. చప్పుడు ఆగింది. మూడు నెలలకు మళ్లీ వచ్చింది.

ఈసారి బేరింగును కాదు, దాని లోపల ఉండే స్లీవును, అంటే బోల్టు దూరే చిన్న గొట్టాన్ని, చూశాను. దూరం నుంచి తళతళలాడుతోంది. గోరు పెట్టి అడ్డంగా గీస్తే మాత్రం సన్నటి గాడులు వరసగా తగిలాయి. పాత సూదులు తవ్వినవి. కొత్త సూదులు పోయి ఆ గాడుల్లోనే పడి కొట్టుకుంటున్నాయన్నమాట. కొత్త స్లీవును లేత్ దగ్గర మామూలు ఇనుముతో చేయించుకుందామని మళ్లీ రాణిగంజ్ వెళ్తే, అదే మనిషి ఆపాడు. “మెత్తటి ఇనుమైతే సూదులు తినేస్తయన్నా. ఇన్నర్ రింగ్ పెట్టు.” స్లీవు పని చేసే ఆ రింగు, లోపల 5, బయట 8, పొడవు 12 మిల్లీమీటర్లు, గట్టిపడేలా కాల్చి నునుపు చేసింది దొరికింది. పొడవు మీద కన్నేసి ఉంచండి. స్లీవు పొడవు రాడ్డు వెడల్పు కన్నా ఒక వెంట్రుక ఎక్కువుండాలి. తక్కువైతే బోల్టు బిగించగానే కీలు పట్టేస్తుంది, మరీ ఎక్కువైతే రాడ్డు పక్కలకు ఊగుతుంది.

నాలుగేళ్లవుతోంది, ఆ కీలు మళ్లీ నోరెత్తలేదు. ఏడాదికోసారి కీళ్లన్నీ విప్పి, లిథియం గ్రీజు పెట్టి, ప్రతి స్లీవునూ పావు చుట్టు తిప్పి బిగిస్తాను. అప్పుడు సూదులకు అరగని చోటు దొరుకుతుంది.

మిగతావి పెద్ద కష్టపెట్టలేదు. పొట్టు ఊదే రబ్బరు తిత్తి చిరిగిపోతే, చేపల తొట్టికి వాడే గాలి పంపు తెచ్చి గొట్టం కలిపాను, ముందుకన్నా బాగా ఊదుతోంది. బ్రష్షులు కాస్త పెద్దవి కొని గరుకు కాగితం మీద అరగదీశాను.

బాధంతా బ్లేడు క్లాంపు మీదే. దాని మీద ఏ నంబరూ లేదు. పై క్లాంపు బొటనవేలి స్క్రూ అరిగితే, వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టకుండానే 5 మిల్లీమీటర్లదని కొత్తది తెచ్చి తిప్పాను. రెండు చుట్లు హాయిగా ఎక్కి, తర్వాత బిగుసుకుంది. బలం పెట్టాను, మరలు కొట్టుకుపోయాయి. అది అంగుళాల కొలతలో 10-32 అట. 10 అన్నది లావు నంబరు. అంగుళానికి 32 మరలు, 5 మిల్లీమీటర్ల స్క్రూకి ఇంచుమించు అంతే పడతాయి కాబట్టి మరల గేజీ పెట్టినా తేడా తెలియదు. లావులో మాత్రం పావు మిల్లీమీటరు కన్నా తక్కువ తేడా ఉంది, అదే కొంప ముంచింది. చివరికి రంధ్రం పెద్దది చేసి, 6 మిల్లీమీటర్ల ట్యాప్‌తో కొత్త మరలు వేయించాను. రంధ్రం చుట్టూ లోహం పలచబడింది. ఒక్క పలకకు ముప్పై సార్లు విప్పి బిగించే స్క్రూ అది, బిగించిన ప్రతిసారీ మనసు పీకుతూనే ఉంటుంది. ఈ ఒక్క క్లాంపు కోసమైనా మెషీన్ పేరు తెలిస్తే బాగుండుననిపిస్తుంది.

నాకైతే పెట్టిన డబ్బుకు మించి పని చేసింది. అయితే నేను రాణిగంజ్‌కు ఆటోలో వెళ్లి రాగలను, ఇంట్లో వైస్, వెర్నియర్ ఉన్నాయి, పలక వారం ఆలస్యమైనా అడిగేవాళ్లు లేరు. ఊళ్లో ఉండి, ఆర్డర్ల మీద చెక్క బొమ్మలు చేసే మా తమ్ముడు ఇలాంటిదే ఒకటి చూశానని ఫోన్ చేశాడు. ముందు రాడ్డు ఊపి చూడు, బోల్టు ఒకటి విప్పి పొడి రంగు చూడు అని చెప్పాను. ఎర్రగా ఉందన్నాడు. వద్దులేరా, కొత్తదే తీసుకో అన్నాను.