ఎస్‌యు-76ఎం: పైకప్పు లేని సోవియట్ గన్ బండి

రెండో ప్రపంచ యుద్ధపు సోవియట్ సెల్ఫ్ ప్రొపెల్డ్ గన్‌లలో (ట్యాంకులా ట్రాక్‌ల మీద తనంతట తాను కదిలే ఫిరంగి బండ్లు) బాగా ఆలోచించి సరిదిద్దిన బండి ఇది. 1942 చివర్లో వచ్చిన మొదటి ఎస్‌యు-76లో రెండు పెట్రోల్ ఇంజన్లు పక్కపక్కనే ఉండేవి. ఒక్కోదానికి వేరే గేర్‌బాక్స్. రెండూ ఒకే వేగంతో తిరగకపోతే ఆ ఒత్తిడంతా గేర్లూ షాఫ్టుల మీదే పడి విరిగిపోయేవి. 1943లో ఉత్పత్తి ఆపేశారు.

ఎం రకంలో రెండు ఇంజన్లనూ ఒకదాని వెనక ఒకటిగా కుడివైపు పెట్టి, ఒకే షాఫ్టుకు కలిపారు. మొత్తం 140 హార్స్‌పవర్, బండి బరువు 10.5 టన్నులు. నా లెక్కలో అసలు విజయం ఈ మార్పే.

బండి మీది జిస్-3 అనే 76.2 మి.మీ. ఫిరంగికి 60 గుళ్ళు. గన్ ఒక్కో పక్కకు 15 డిగ్రీలే తిరుగుతుంది, అంతకు మించితే డ్రైవర్ బండినే తిప్పాలి. అతని సీటు ఇంజన్ పక్కనే, దగ్గర్లోనే పెట్రోల్ ట్యాంకు. ఎండాకాలం ఉడికిపోవడం ఖాయం, గుండు తగిలితే మంటల భయం.

పైకప్పు తీసేయడం సరైన నిర్ణయమే. మొదటి రకంలోని మూసి ఉన్న గన్ గదిలో గన్‌పొగ సిబ్బందిని ఉక్కిరిబిక్కిరి చేసేది. ఇప్పుడు గాలి ఆడుతుంది, చుట్టూ కనిపిస్తుంది, వెనక తలుపులోంచి గుళ్ళు అందించొచ్చు. వానకు టార్పాలిన్ ఉంది గానీ, మోర్టార్ ముక్కలకూ వీధి పోరులో మేడ మీంచి పడే గ్రెనేడ్లకూ అడ్డేమీ లేదు.

ముందు కవచం 35 మి.మీ. మాత్రమే. జర్మన్ల భారీ ట్యాంకు టైగర్‌కు ఎదురెళ్ళే బండి కాదిది. పదాతిదళం వెనకే నడుస్తూ, మెషిన్‌గన్ గూళ్ళను నేరుగా కొట్టడానికైతే ఇంత చవకైన సాధనం అప్పట్లో అరుదు.