తొమ్మిది గళ్ల ధర్మం: డీ అండ్ డీ అలైన్‌మెంట్‌తో ఏళ్ల తరబడి ఆడాక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రై, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ మీద పేరు, క్లాసు (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తి) రాసే చోటే అలైన్‌మెంట్, అంటే పాత్ర నీతి ఎటు మొగ్గుతుందో, రాయడానికి చిన్న ఖాళీ ఉంటుంది. లాఫుల్ (చట్టానికి, మాటకి కట్టుబడేది), న్యూట్రల్ (మధ్యస్థం), కేయాటిక్ (కట్టుబాట్లు పట్టనిది) ఒక వరుస. గుడ్, న్యూట్రల్, ఈవిల్ ఇంకో వరుస. రెండూ కలిపితే తొమ్మిది గళ్లు. మన పాత్ర ఏ గడికి చెందుతుందో మొదటి పాచిక వేయకముందే రాసేయమంటుంది ఆట. హైదరాబాద్‌లో మా ఆదివారం బ్యాచ్ ఐదో ఎడిషన్ మొదలుపెట్టి చాలా ఏళ్లైంది. క్యాంపెయిన్లు (ఎన్నో వారాలు సాగే కథలు) మారాయి, ఉద్యోగాలు మారాయి, ఒకడు అమెరికా వెళ్లిపోయి వీడియో కాల్‌లో ఆడుతున్నాడు. ఇన్నేళ్లలో నాకు తేలింది ఒకటే. గుడ్–ఈవిల్ వరుస మా ఆటకు దాదాపు ఏమీ ఇవ్వలేదు. మేం నిజంగా తలలు పట్టుకున్నవన్నీ లా–కేయాస్ వరుసలోంచి వచ్చాయి.

కారణం పెద్ద రహస్యమేం కాదు. ఈవిల్ అని రాసి ఉన్నవాడిని చూడగానే టేబుల్ మీద అందరి చేతులూ పాచికల మీదికి పోతాయి. ఇక ఆలోచించడానికేముంది? అదే లా దగ్గరికొస్తే, ఎవరి చట్టం, ఎవరి మాట అన్నది తేలాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. పాత గనిలో మాకొక గోబ్లిన్ (పొట్టి వింతజీవి) దొరికింది. మా పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడే యోధుడు) ఓత్ ఆఫ్ డివోషన్ అనే ప్రమాణం తీసుకున్నవాడు. 2014 పుస్తకంలో ఆ ప్రమాణానికి ఐదు నియమాలుండేవి: నిజాయితీ, ధైర్యం, కరుణ, గౌరవం, కర్తవ్యం. "బయటికి దారి చూపించు, ప్రాణాలతో వదిలేస్తా" అని గోబ్లిన్‌కి మాటిచ్చాడు. అది దారి చూపించింది. తీరా ఊళ్లోకొస్తే, పట్టుబడ్డ గోబ్లిన్లను కోటకు అప్పగించాలన్నది అక్కడి చట్టం. అక్కడ ఉరి ఖాయం. ఈ పని ఒప్పుకున్నప్పుడు ఊరి చట్టానికి కట్టుబడి ఉంటానని కోట పెద్దకి ప్రమాణం చేసింది కూడా ఇదే పాలడిన్. నిజాయితీ నియమం ఇచ్చిన మాట నిలబెట్టుకోమంటుంది, కర్తవ్య నియమం న్యాయమైన అధికారానికి లోబడమంటుంది. రెండూ ఒకే ప్రమాణంలోవి.

"లాఫుల్ అంటే ఊరి చట్టమా, నా మాటా? చెప్పన్నా."

"నన్నడుగుతావేంట్రా, ప్రమాణాలు చేసింది నువ్వు," అన్నాడు డీఎం, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్.

మధ్యలో ఒకడు "గోబ్లినే కదా, న్యూట్రల్ ఈవిల్ అని పుస్తకంలోనే ఉంది" అన్నాడు. గుడ్–ఈవిల్ వరుస ఆ రాత్రి అందించిన సాయం అంతే. మిగతా సెషనంతా ఈ వాదనతోనే పోయింది, ఒక్క కత్తి దూయలేదు. చివరికి పాలడిన్ నేరుగా కోటకెళ్లి, అందరి ముందూ తను ఇచ్చిన మాట చెప్పి, రావాల్సిన బహుమానం వదులుకుని, గోబ్లిన్‌ని వంతెన దాటించి వచ్చాడు. ఊరు మాకు గేట్లు మూసేసింది. యాభై బంగారు నాణేల హీలింగ్ పోషన్ (గాయాలు మాన్పే మందు) ఆ తర్వాత దొంగచాటుగా వందకి కొన్నాం. ప్రతి కొనుగోలప్పుడూ మా బృందంలో దొంగ పాత్రవాడు పాలడిన్ వంక చూసేవాడు. పాత్ర చేసిన నిర్ణయానికి ఊరు ఇలా లెక్క కట్టినప్పుడే అలైన్‌మెంట్‌కి బరువొస్తుంది. డీఎం గనక సెషన్ మధ్యలో "నువ్వు లాఫుల్ గుడ్, అలా చెయ్యకూడదు" అన్నాడంటే అది రోల్‌ప్లే (పాత్రలో ఉండి ఆడటం) కాదు, క్లాస్ టీచర్ పని.

చరిత్ర చూసినా లా వరుసే పెద్దది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆటలో ఉన్నవి లా, న్యూట్రాలిటీ, కేయాస్ మాత్రమే. మంచీ చెడూ తర్వాత చేరాయి. 1977 బేసిక్ పెట్టెలో ఐదు, 1978లో అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేసరికి తొమ్మిది. ఆ రోజుల్లో దీనికి కోరలుండేవి. అలైన్‌మెంట్ మారితే ఒక లెవెల్ పోయేది. పాలడిన్ తెలిసి చెడ్డపని చేస్తే పాలడిన్‌గానే ఉండేవాడు కాదు. ఒక్కో అలైన్‌మెంట్‌కి సొంత భాష కూడా ఉండేది. అది ఎవరికి ఎందుకు తట్టిందో గానీ, మాకైతే ఇప్పటికీ నవ్వొస్తుంది. 2008 నాలుగో ఎడిషన్ తొమ్మిదిని ఐదుకి కుదిస్తే, 2014లో ఐదో ఎడిషన్ మళ్లీ తొమ్మిది చేసి కోరలు దాదాపు అన్నీ పీకేసింది.

పీకడం మంచిదైంది. మూడో ఎడిషన్‌లో పాలడిన్ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు డిటెక్ట్ ఈవిల్ (చెడును పసిగట్టే మంత్రం) వాడుకోవచ్చు. ఊళ్లో హత్య జరిగితే అనుమానితులను వరసగా నిలబెట్టి చూస్తే చాలు, సగం కథ అక్కడే అయిపోతుంది. ఐదో ఎడిషన్‌లో ఆ స్పెల్ దయ్యాలను, పిశాచాలను, దేవదూతల్లాంటి వాటిని పసిగడుతుంది. మామూలు మనిషి మనసులో ఏముందో చెప్పదు. వడ్డీ వ్యాపారిని అనుమానించాలంటే ఇప్పుడు అతని ఖాతా పుస్తకం చూడాల్సిందే.

ఈ ఆటలో మనవాళ్లకు మరీ దగ్గరి వింత ఒకటుంది. రాక్షస అనే జీవి మన పురాణాల్లోంచి వెళ్లిందే. పులి తల, వెనక్కి తిరిగిన చేతులు, అలైన్‌మెంట్ లాఫుల్ ఈవిల్. 2014 నియమాల్లో, గుడ్ అలైన్‌మెంట్ ఉన్నవాడు మ్యాజిక్ ఆయుధంతో పొడిస్తే దానికి రెట్టింపు దెబ్బ. ఐదో ఎడిషన్‌లో గుడ్ అన్న మాట నేరుగా అంకెల్లోకి దిగే కొద్ది చోట్లలో ఇదొకటి. ఆ పేజీ తెరిచిన రోజే మా టేబుల్ మీద విభీషణుడు దిగాడు. అన్నను వదిలి ధర్మం వైపు వెళ్లాడు కాబట్టి గుడ్, సరే. లాఫులా, కేయాటికా? అన్న చేసింది తప్పని మొహాన చెప్పి కూడా అన్న కోసమే యుద్ధంలో చచ్చిన కుంభకర్ణుడి సంగతేంటి? నన్నడిగితే కుంభకర్ణుడే లాఫుల్. మా డీఎం ఒప్పుకోడు. ఇక్కడ కూడా వాదన నడిచింది మొదటి పదం మీదే, రెండో పదం గురించి ఎవరూ నోరెత్తలేదు.

ఇక కేయాటిక్ న్యూట్రల్. కొత్తవాళ్లలో సగం మంది దీన్నే ఎంచుకుంటారు, ఎందుకో మీకూ తెలుసు. తోటివాళ్ల సంచిలోంచే డబ్బు కొట్టేసి "నా క్యారెక్టర్ అలాంటిదే" అంటారు. మా దగ్గర ఆ సమాధానం చెల్లదు.

వేరే ఆటలూ చూశాను. 2012లో వచ్చిన డంజన్ వరల్డ్‌లో అలైన్‌మెంట్ అంటే గుణం కాదు, పని. మంచి పాలడిన్ తనకంటే బలహీనుణ్ణి కాపాడడానికి ప్రమాదంలోకి దూకాలి. సెషన్ చివర్లో, దూకావా లేదా అని చూసి దూకితే ఎక్స్‌పీరియన్స్ (లెవెల్ పెరగడానికి పాయింట్లు) ఇస్తారు. ఇంత తేటగా డీ అండ్ డీ ఎప్పుడూ చెప్పలేదు. పాత్‌ఫైండర్ అనే ఆట 2023 రీమాస్టర్ (సవరించిన రూపం) అయితే తొమ్మిది గళ్లనే తీసేసి, పాత్ర చేయాల్సినవీ చచ్చినా చేయకూడనివీ రాసుకోమంది. ధర్మసంకటాల కోసమే ఆడేవాళ్లకు నేను దాన్నే చెబుతాను.

మేం మాత్రం డీ అండ్ డీ వదల్లేదు, గడి వాడే పద్ధతి మార్చుకున్నాం. మొదట్లో ఖాళీగా ఉంచుతాం. కొన్ని సెషన్లయ్యాక, నువ్వు చేసినవి చూసి మొదటి పదం తోటివాళ్లే పెన్సిల్‌తో రాస్తారు. రెండో పదం ఎవరూ రాయరు. దీనివల్ల ఇప్పటిదాకా ఇబ్బందొచ్చింది ఒక్కసారే. మా మాంత్రికుడికి రోబ్ ఆఫ్ ద ఆర్చ్‌మేజై అనే మంత్రపు అంగీ దొరికింది, అదీ తెల్లది. 2014 నియమాల్లో, గుడ్ అయితే తెల్లది, న్యూట్రల్ అయితే బూడిద రంగుది, ఈవిల్ అయితే నల్లది మాత్రమే పనిచేస్తుంది. బందిపోట్లను ఆపడానికి ఊరి ధాన్యపు కొట్టుకి నిప్పు పెట్టింది కూడా ఈ మాంత్రికుడే. ఓటింగ్ పెడితే ఇద్దరు గుడ్ అన్నారు, ఇద్దరు కాదన్నారు. డీఎం ఓటేయనన్నాడు.