అమలాపురంలో ఆరు ఆదివారాల తరగతి: ధర్మయుద్ధం, పరాయి దేశంలో జోక్యం

ఒక పఠనమందిరం మేడ మీద ఆరు ఆదివారాలు, పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా నడిచే తరగతి ఇది. జిరాక్సు కాగితాల కట్టతో కలిపి ఫీజు 600 రూపాయలు. బలమైన దేశం మరో దేశంలోకి సైన్యాన్ని పంపాలా వద్దా అన్నది ఎలా తేల్చుకుంటుంది, మతం నేర్పిన నీతికి అందులో చోటెంత అన్నదే విషయం. గ్రూప్స్‌కి చదివేవాళ్ళకే కాదు, పేపర్లో యుద్ధవార్త చదివి ఎటూ తేల్చుకోలేనివాళ్ళకీ పనికొస్తుంది.

తరగతి అంతా ఒక్క ప్రశ్నల కాగితం మీద నడుస్తుంది. నిర్ణయించే అధికారం ఎవరిది? కారణం న్యాయమైందా? ఉద్దేశం ఏమిటి? మిగతా దారులన్నీ మూసుకుపోయాయా? గెలుపు సాధ్యమేనా? జరిగే నష్టం ఆపబోయే కీడుని మించదు కదా? మొదటి మూడూ పదమూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ పెట్టినవి, తక్కినవి తర్వాత చేరాయి. నాలుగోదానికి పాఠం మాత్రం ఉద్యోగపర్వం నుంచి తీసుకున్నారు. రాయబారం పద్యాలు విని పెరిగిన కోనసీమలో ఐదూళ్ళ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అలా అడగడం సంధి కోసమా, రేపటి యుద్ధానికి సాక్ష్యం కూడబెట్టుకోవడమా అన్న చర్చ చాలా బాగా సాగుతుంది. ఖురాన్ రెండో అధ్యాయంలో పోరాడమంటూనే హద్దు మీరవద్దన్న వాక్యానికి మాత్రం రెండు లైన్లే కేటాయించారు. అది అన్యాయం.

కాగితం నింపేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తర్వాత ఏమైందో మనకి తెలుసు కాబట్టి అది చూసుకుని గడులు నింపేస్తారు. నిర్ణయం జరిగిన రోజున ఏం తెలుసో అదే రాయాలి. లక్ష్యం మారితే కొత్త కాగితం తీసుకోవాలి. లిబియానే చూడండి: 2011 మార్చి 17న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1973వ నంబరు తీర్మానానికి 10 ఓట్లు పడ్డాయి, ఇండియాతో సహా 5 దేశాలు ఓటు వెయ్యలేదు. కాబట్టి అధికారం గడి సరిగ్గానే నిండుతుంది. కానీ పౌరుల్ని కాపాడతామని మొదలైంది కాస్తా అక్కడి పాలకుడు గడాఫీని దించేదాకా పోయింది. ఆ రెండో పనికి మొదటి కాగితం చెల్లదు. కొసోవో దీనికి తిరగేసిన కేసు. 1999లో అమెరికా, దాని మిత్రదేశాల సైనిక కూటమి నాటో 78 రోజులు బాంబులు వేసింది, మండలి అనుమతి లేదు.

రువాండాకి ఒక ఆదివారమంతా ఇచ్చారు, ఇవ్వాల్సిందే. 1994లో దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపారు. ఆ ఏప్రిల్లోనే మండలి అక్కడి శాంతిదళాన్ని 270 మందికి కుదించమని తీర్మానించింది. అమెరికా అధికారులు ‘జాతిహత్య’ అన్న మాటనే తప్పించుకు తిరిగారు, ఆ మాట నోట వస్తే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుందని. వెళ్ళకపోవడం కూడా నిర్ణయమే, దానికీ ఇవే ప్రశ్నలు వెయ్యాలని ఇక్కడ నేర్పుతారు.

ఇరాక్ పాఠం అన్నిటికన్నా గట్టిది. యుద్ధం వద్దని చెప్పడానికి 2003 మార్చిలో పోప్ రెండో జాన్ పాల్ ఒక కార్డినల్‌ని (చర్చిలో పెద్ద పదవిలో ఉన్న మతగురువుని) అమెరికా అధ్యక్షుడు బుష్ దగ్గరికి పంపారు. అంతకుముందు అక్టోబరులోనే కొందరు ఇవాంజెలికల్ (ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక వర్గం) పెద్దలు ఇది ధర్మయుద్ధమేనని బుష్‌కి ఉత్తరం రాశారు. ఒకే కుంచంతో కొలిచి రెండు లెక్కలు చెప్పారన్నమాట. ఎక్కడ విడిపోయారో గడి గడికీ చూపిస్తారు: ‘ఇంకా దారి ఉందా’ అన్నచోటే అసలు తేడా.

లోటుపాట్లున్నాయి. మండలి ఓటింగ్‌ని అరగంటలో పరిగెత్తించారు. 15 మందిలో 9 ఓట్లు కావాలి, శాశ్వత సభ్యులైదుగురిలో ఒక్కరు వ్యతిరేకించినా తీర్మానం పోతుంది. ఓటు వెయ్యకుండా ఊరుకోవడం మాత్రం వీటో కాదు. సగంమంది ఇక్కడే తికమకపడుతున్నారు. పైగా 1971 బంగ్లాదేశ్ యుద్ధానికి కాగితం ఉంది, 1987లో శ్రీలంక వెళ్ళిన మన శాంతిసేనకి లేదు. దాదాపు 1,200 మంది మన జవాన్లు పోయిన చోటుని వదిలేసి, పరాయివాళ్ళ తప్పులెంచడం సబబు కాదు.

ఆఖరి ఆదివారం చందుర్తి యుద్ధం. 1758 డిసెంబరులో విజయనగరం రాజు పిలుపు మీద ఇంగ్లీషువాళ్ళు పిఠాపురం దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించారు. ఎనిమిదేళ్ళు తిరక్కుండా ఉత్తర సర్కారుల్లో (మన కోస్తా జిల్లాల్లో) చాలాభాగం ఇంగ్లీషువాళ్ళ ఈస్టిండియా కంపెనీకి దక్కింది. పిలిచినవాళ్ళు పొమ్మంటే వచ్చినవాళ్ళు పోతారా అన్న ప్రశ్న కాగితంలో లేదు. చేరేవాళ్ళు దాన్ని ఏడోదిగా అడుగున రాసుకోండి. పెన్సిలూ రబ్బరూ తీసుకెళ్ళండి, పెన్నుతో నింపితే కొట్టివేతలతో కాగితం పాడవుతుంది.