కీళ్ళవాతం ఉన్నవారికి తోడు యాప్: గుంటూరు నుంచి ఒక వినియోగదారు సమీక్ష

గుంటూరు కొత్తపేటలో నేను చూపించుకునే కీళ్ళ వైద్యుల క్లినిక్‌లో కొంతకాలంగా రోగులకు ఒక యాప్‌ను పరిచయం చేస్తున్నారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం ఉన్నవారు, అదే జబ్బుతో ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్న మరొకరితో తెలుగులో మాట్లాడుకోవడానికి దీన్ని తయారు చేశారు. ఇంకా పరీక్షా దశలోనే ఉండి, క్లినిక్ ఇచ్చే కోడ్‌తో మాత్రమే తెరుచుకుంటుంది కాబట్టి పేరు రాయడం లేదు. గుంటూరులోనో విజయవాడలోనో ఆ కోడ్ అందుకున్నవారికి నేను దేని గురించి చెబుతున్నానో తెలిసిపోతుంది. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. సుద్దముక్క పట్టుకోవడం కూడా కష్టమైన రోజుల్లో ఈ యాప్‌ను వాడాను. దీర్ఘకాలిక రోగుల కోసం చేసిన ఏ వస్తువునైనా వారి ఒంట్లో బాగాలేని రోజునే పరీక్షించాలని నా అభిప్రాయం కాబట్టి, ఈ సమీక్ష అంతా ఆ కొలతతోనే సాగుతుంది.

ఈ జబ్బును చాలామంది వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదల అనుకుంటారు. నిజానికి ఇది శరీరంలోని రక్షణ వ్యవస్థ మన కీళ్ళ లోపలి పొరనే శత్రువనుకొని దాడి చేయడం వల్ల వస్తుంది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. ముందుగా దెబ్బతినేవి తరచుగా వేళ్ళ కణుపులు, మణికట్టు. ఉదయం లేవగానే బిగుసుకుపోయిన చేతులు సడలడానికి గంటకు పైగా పడుతుంది. అలాంటి చేతులతో ఫోన్‌లో తెలుగు టైపు చేయమనడం ఎంత కష్టమో రూపకర్తలు ముందే గ్రహించారు. గొంతు సందేశం పంపాలంటే బొటనవేలితో బటన్‌ను నొక్కి పట్టుకోనక్కర లేదు. ఒకసారి తాకితే రికార్డింగ్ మొదలవుతుంది, మరోసారి తాకితే ఆగుతుంది. బటన్‌లు తెర అడుగున, రెండు చేతులకూ అందేంత పెద్దవిగా ఉన్నాయి. చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, బొటనవేలి మొదట్లో వాపు ఉన్నవారికి మాట్లాడగలగడానికీ మౌనంగా ఉండిపోవడానికీ మధ్య తేడా అక్కడే ఉంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది 'ఈ రోజు ఓపిక లేదు' అనే బటన్. దాన్ని తాకితే మనకు తోడుగా ఉన్నవారికి ఆ ఒక్క మాటే చేరుతుంది. వివరాలు ఎవరూ అడగరు, జవాబు ఇవ్వాల్సిన పని ఉండదు, మరునాడు 'నిన్న మీరు రాలేదు' అంటూ యాప్ మనల్ని వేధించదు. వరుసగా ఇన్ని రోజులు వచ్చారని పతకాలు ఇచ్చే పద్ధతిని ఇందులో పెట్టనందుకు తయారు చేసినవారిని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. నొప్పి ఉధృతమైనప్పుడు పది రోజులు ఫోన్ ముట్టని మనిషి, తిరిగి వచ్చినప్పుడు తాను ఏదో పోగొట్టుకున్నట్టు అనుకోకూడదు కదా.

తోడును కలిపే విధానం కూడా ఆలోచించి చేసినదే. జబ్బు పేరుతోపాటు వయసు, చేసే పని, ఇంట్లో ఎవరి మీద ఎంత బాధ్యత ఉందో అడిగి, దానికి దగ్గరగా ఉన్నవారిని చూపిస్తారు. నాకు దొరికినావిడ విజయవాడ పటమటలో ఉంటారు, నాకంటే పెద్దవారు. పొద్దున్నే వంట ఎలా చేస్తున్నారక్కా అని నేను అడిగితే, "వేళ్ళు విడిపడేదాకా మనల్ని మనం తొందరపెట్టుకోకూడదమ్మా. గోరువెచ్చని నీళ్ళలో చేతులు ఉంచుకో. మా ఇంట్లో పొద్దుట ఇడ్లీలే, చపాతీలు సాయంత్రానికి. ఆ సంగతి ఒక్కసారి గట్టిగా చెప్పేశాను, అందరూ అలవాటు పడ్డారు" అన్నారు. వైద్యులు రక్తపరీక్ష చూసి మందు మార్చగలరు కానీ, ఇంట్లో గట్టిగా చెప్పవచ్చునన్న ధైర్యాన్ని ఆ పది నిమిషాల్లో ఇవ్వలేరు. తోడుగా ఉండేవారికి ముందుగా శిక్షణ ఇస్తారు. మందు పేరు సూచించకూడదు, మోతాదు చెప్పకూడదు అన్నది అందులో మొదటి నియమమట. మాటల్లో తీవ్రమైన నిరాశ కనిపిస్తే, తోటి రోగి మీద ఆ భారం వేయకుండా, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 తెర మీదికి వస్తుంది. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

బృంద చర్చల్లో పర్యవేక్షణ ఎలా ఉంటుందో ఒక సందర్భంలో దగ్గరగా చూశాను. ఒకరు, తమ ఊరి దగ్గర ఇచ్చే పొడి నెల రోజుల్లో కీళ్ళవాతాన్ని మొదలంటా తీసేస్తుందని, కావాలంటే తెప్పించి ఇస్తానని రాశారు. ఆ సందేశాన్ని చడీచప్పుడు లేకుండా తీసేయలేదు. ఇలాంటి పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిసి ఉన్న సందర్భాలు ఉన్నాయని, అందువల్లనే మొదట ఉపశమనం కనిపిస్తుందని, వాటిని చాలాకాలం వాడి హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమని, ఇప్పటికే వాడుతున్నవారు మానకముందు వైద్యులతో మాట్లాడాలని పర్యవేక్షకులు కింద వివరించారు. జబ్బు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించే 1954 నాటి చట్టం జాబితాలో కీళ్ళవాతం కూడా ఉందని గుర్తుచేశారు. రాసినవారిని మాత్రం అవమానించలేదు. నొప్పితో ఉన్న మనిషి ఎంత దూరమైనా వెళ్తాడని తెలిసినవారే అలా రాయగలరు.

తెలుగు విషయంలో లోపాలున్నాయి. అక్షరాల పరిమాణం పెంచితే పై వరుసలోని ఒత్తులు కింది వరుస గుడుల మీద పడి రెండూ చదవడానికి వీల్లేకుండా పోతాయి. వెతుకులాటలో 'కీళ్ళు' అని రాస్తే వచ్చేవి 'కీళ్లు' అని రాస్తే రావు. ఇవి సరిచేయగలిగినవే.

గోప్యత సంగతి అంత తేలిక కాదు. మారుపేరుతో చేరనిస్తారు, అది మంచిదే. కానీ చేరగానే ఫోన్‌లోని నంబర్లు చూసేందుకు అనుమతి అడుగుతారు, 'మీకు తెలిసినవారు' అంటూ పేర్లు చూపిస్తామంటారు. పెళ్ళి సంబంధాలు చూస్తున్న అమ్మాయి ఈ జబ్బు గురించి ఎవరికి, ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకోవాలి. బంధువుల తెర మీద ఆమె పేరు మెరవకూడదు. నిబంధనల పత్రం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. సమ్మతి కోరే పత్రాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ చదువుకునే వీలు ఉండాలని 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఇంకో ప్రశ్న కూడా అడగాలి. అమెరికాలో అన్నదమ్ముల్లో ఒకరికి ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు వస్తే, హేవుడ్ కుటుంబం 2004లో పేషెంట్స్‌లైక్‌మీ అనే రోగుల వేదికను స్థాపించింది. 2019లో దాన్ని ఆరోగ్య బీమా వ్యాపారం చేసే యునైటెడ్‌హెల్త్ గ్రూప్ కొనుక్కుంది. రేపు ఈ యాప్ చేతులు మారితే మన గొంతులు, మన మందుల జాబితాలు ఎవరి దగ్గరికి వెళ్తాయో తెలుగులో ఒక పేజీలో రాసి ఇవ్వడం తయారు చేసినవారి బాధ్యత.

ఇక అసలు ప్రమాదం మందులను గుర్తుచేసే విభాగంలో ఉంది. మనలో చాలామంది వాడే మెతోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఈ యాప్‌లో ఏ మందు పేరు ఎక్కించినా ముందుగా 'ప్రతిరోజూ' అనే గుర్తు పడి ఉంటుంది. 'వారానికి ఒకసారి' కావాలంటే మరో రెండు తెరలు లోపలికి వెళ్ళాలి. కళ్ళజోడు పెట్టుకోకుండా, వాచిన వేలితో 'సరే' నొక్కేసే పెద్దవారు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. చేతుల బాధను అంత శ్రద్ధగా అర్థం చేసుకున్నవారు ఈ ఒక్క చోట సాధారణ యాప్‌లను అలాగే అనుసరించడం నన్ను బాధించింది. ఈ మందు పేరు ఎక్కించగానే వారంలో ఏ రోజు వేసుకుంటారని మాత్రమే అడగాలని, 'ప్రతిరోజూ' అన్నది కనిపించనే కూడదని వారికి రాశాను. తరువాతి రూపంలో మారుస్తామని జవాబు వచ్చింది.

అది మారేవరకు, కోడ్ తీసుకున్నవారు మాటల కోసం దీన్ని నిస్సంకోచంగా వాడండి. నేను వాడుతూనే ఉన్నాను. ఫోన్ నంబర్లకు అనుమతి ఇవ్వకండి. మందులను గుర్తుచేసే విభాగాన్ని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పూర్తిగా ఆపేయండి. మెతోట్రెక్సేట్‌ను వారంలో ఏ రోజు వేసుకోవాలో మీ వైద్యుల చేత చీటీ మీద తెలుగులో రాయించుకొని, మందుల డబ్బా మూతకు అంటించుకోండి. ఇంట్లో మరొకరికి కూడా ఆ రోజు ఏదో తెలిసి ఉండేలా చూసుకోండి.