ఆర్కైవ్ స్టోరేజీ కొనేవారు జాగ్రత్త: గడువుకు ముందే తీసేస్తే మిగిలిన రోజుల అద్దె కూడా పడుతుంది

దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి వీడియోలు తీసే మా స్టూడియోకు నిన్న వచ్చిన క్లౌడ్ బిల్లులో ‘ఎర్లీ డిలీషన్’ (గడువుకు ముందే తీసేయడం) పేరుతో 25,600 రూపాయలు వేశారు. అమీర్‌పేటలోని ఒక ఏజెంటు మాట నమ్మి, మాఘమాసం పెళ్లిళ్ల ఫుటేజీ 40 టెరాబైట్లను నెలకు 6,400 రూపాయల లెక్కన ఆర్కైవ్ టైర్‌లో, అంటే అరుదుగా తీసే డేటా కోసం ఉండే తక్కువ అద్దె నిల్వ శ్రేణిలో పెట్టాను. పార్టీలకు వీడియోలు అప్పగించాక, ఇంకా అద్దె ఎందుకని అరవయ్యో రోజున అంతా తీసేశాను.

పని అయిపోగానే డిలీట్ చేయవచ్చా అని కొన్న రోజునే ఆయనను సూటిగా అడిగాను. "మీ డేటా, మీ ఇష్టం సార్, ఎప్పుడంటే అప్పుడు తీసేస్కోండి" అన్నాడు. నిన్న బిల్లు పట్టుకుని వెళితే, కూర్చోమని కూడా అనకుండా మానిటర్‌ను నా వైపు తిప్పి, ధరల పట్టిక అడుగున సన్నటి అక్షరాల వరుస మీద మౌస్ పెట్టి, "కనీస నిల్వ 180 రోజులని రాసే ఉంది, మీరు చదువుకోకపోతే నేనేం చేస్త సార్?" అన్నాడు. పక్క కుర్చీలో మరో స్టూడియో ఆయన అదే ప్లాను కాగితాల మీద సంతకం పెట్టబోతున్నాడు. పట్టిక చదవకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ నోరు తెరిచి అడిగినవాడికి తెలిసి తెలిసి అబద్ధం చెప్పడం మోసం కాక మరేమిటి?

ఈ రుసుము నిజానికి జరిమానా కాదు. 180 రోజులలో నేను వాడుకోని 120 రోజుల అద్దె, అంటే నాలుగు నెలల సొమ్ము, ఒకేసారి వసూలు చేస్తారు. అదే పేరుతో కొత్త ఫైలు ఎక్కించినా, గడువు తీరకముందు వేరే టైర్‌కు మార్చినా డిలీట్ చేసినట్టే లెక్క. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ ఆర్కైవ్‌లోనూ, అమెజాన్ డీప్ ఆర్కైవ్‌లోనూ ఈ గడువు 180 రోజులు, గూగుల్ క్లౌడ్ ఆర్కైవ్‌లో ఏకంగా 365 రోజులు. అద్దె కాస్త ఎక్కువగా ఉండే పై టైర్లలో 30 లేదా 90 రోజులు ఉంటుంది.

రెండు మూడు నెలల్లో తీసేసే ఫుటేజీని, అద్దె ఎక్కువైనా, తరచూ వాడే డేటా కోసం ఉండే, గడువు లేని స్టాండర్డ్ లేదా హాట్ టైర్‌లోనే ఉంచండి. గడువు ప్రతి ఫైలుకూ అది ఎక్కిన రోజు నుంచి విడిగా నడుస్తుంది కాబట్టి తేదీలు రాసుకోండి. ఫాల్గుణంలో ఎక్కించిన ఫైళ్లు నావి ఇంకా అక్కడే ఉన్నాయి. 180 రోజులు నిండేదాకా వాటిలో ఒక్కటి కూడా ముట్టను.