ఫైటర్ జెట్ మోడల్: 1/72 మేలా, 1/48 మేలా, 1/32కే పోవాలా?

మోడల్ కిట్ తీసుకునే ముందు ఏ విమానం చేయాలా అని అందరం బుర్ర బద్దలు కొట్టుకుంటాం. మిగ్-21 చేద్దామా, ఎఫ్-16 చేద్దామా, సుఖోయ్ చేద్దామా అని నెలల తరబడి ఊగిసలాట. స్కేల్ (అసలు విమానాన్ని ఎన్నో వంతుకు కుదించారన్న లెక్క) దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది చేతికందితే అదే. నేనూ అలాగే మొదలుపెట్టాను. కొన్ని జెట్లు పాడుచేసుకున్నాక నాకు ఒక లెక్క కుదిరింది. అసలు విమానం ఎంత పెద్దదో చూసి, దాన్నిబట్టి స్కేల్ తేల్చుకోవాలి. చిన్న జెట్టుకు 48 (అంటే 1/48), పెద్ద జెట్టుకు 72. 32 సంగతి చివర్లో చెబుతాను, దాని కథ వేరు.

ముందు కొలతలు. 1/72లో ఆరడుగులు ఒక అంగుళం అవుతాయి, అంటే నిలువెత్తు పైలట్ ఒక్క అంగుళం బొమ్మ. 1/48లో నాలుగడుగులు ఒక అంగుళం. అడుగులు, అంగుళాల లెక్క నోటితోనే తేలిపోయేవాళ్లు పెట్టిన స్కేళ్లివి. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో తెచ్చిన తొలితరం ప్లాస్టిక్ కిట్లు 1/72వే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలో కనిపించేది మనవాళ్లదో శత్రువుదో ఆకారం చూసి గుర్తుపట్టడం నేర్పడానికి అమెరికా వాడిన నమూనాలూ అదే స్కేల్‌లో చేసినవి.

పొడవు చూస్తే 48 అనేది 72కి ఒకటిన్నర రెట్లే. అంతేగా అనిపిస్తుంది. రంగు వేయాల్సిన ఉపరితలం మాత్రం 2.25 రెట్లు అవుతుంది. ఎఫ్-16 అసలు పొడవు సుమారు 15 మీటర్లు. అది 72లో 21 సెంటీమీటర్ల లోపు, 48లో 31, 32లో 47. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లే. 72లో ఆ రెక్కలు 10 సెంటీమీటర్లు కూడా ఉండవు, అరచేతిలో పట్టేస్తాయి. సుఖోయ్-27 దీనికి పూర్తిగా ఎదురు, దాని పొడవు దాదాపు 22 మీటర్లు. 72లోనే 30 సెంటీమీటర్లు దాటుతుంది, 48లో 46కి చేరువవుతుంది. అంటే 72లో చేసిన సుఖోయ్, 48లో చేసిన ఎఫ్-16 పక్కపక్కన పెడితే పొడవులో ఇంచుమించు ఒకటే. ఈ ఒక్క పోలిక చాలు, స్కేల్ నంబర్ చూసి చిన్నది, పెద్దది అనుకోవడం ఎంత తప్పో తెలియడానికి.

ఇక కాక్‌పిట్. జెట్ మోడల్ చూసేవాళ్ల కన్ను ముందు పడేది అక్కడే, మన ఓపిక అయిపోయేదీ అక్కడే. విమానంలో మామూలు గుండ్రటి మీటర్ ఒకటి దాదాపు 80 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 72లో అది 1.1 మిల్లీమీటర్లు. చిన్న ఆవగింజంత. దాని మీద ముల్లు గీసేంత సన్నటి బ్రష్ ఉన్నా, అంత నిలకడైన చెయ్యి నాకు లేదు. 48లో అదే మీటర్ 1.7 మిల్లీమీటర్లకు దగ్గరగా వస్తుంది. తేడా అర మిల్లీమీటరే గానీ, నా చేతికి సాధ్యమయ్యేదీ కానిదీ ఆ అర మిల్లీమీటర్ దగ్గరే విడిపోతాయి. 48లో మీటర్ల ప్యానెల్‌కు నల్లరంగు వేసి, దాదాపు ఆరిపోయిన బూడిద రంగు బ్రష్‌ను పైపైన ఆడిస్తే ఉబ్బెత్తుగా ఉన్న అంచులన్నీ తేలి వస్తాయి. తర్వాత ఒక్కో మీటర్ మీద ఒక్కో చుక్క నిగనిగలాడే వార్నిష్ పెడితే అద్దంలా మెరుస్తుంది. 72లో ఈ శ్రమ పడకండి. ప్యానెల్ డికాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి అచ్చుబొమ్మ) అతికించి, మెత్తబరిచే ద్రావణం రాస్తే చాలు. కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత) లోంచి చూసినప్పుడు రెండిటికీ తేడా తెలియదు.

సీటు విషయంలో మాత్రం 72లోనూ కాస్త ఓపిక పట్టాలి. జెట్ కాక్‌పిట్‌లో పైనుంచి ముందు కనిపించేది ఎజెక్షన్ సీటే. ఎఫ్-16లో సీటు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, గాజు బుడగలాంటి కానపీ కింద పూర్తిగా బయటపడుతుంది. అసలు బెల్టు వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు అనుకుంటే 72లో 0.6 మిల్లీమీటర్లు, 48లో 0.9. 72లో నేను మాస్కింగ్ టేపును దారప్పోగులా కోసి అతికిస్తాను, అది చాలు. 48లో పల్చటి ఇత్తడి రేకులో చెక్కిన ఫోటో ఎచ్ బెల్టులు బాగుంటాయి గానీ, అవి రేకులాగే బిగుసుకుని ఉంటాయి. అతికించే ముందు కొవ్వొత్తి మంట మీద కాస్త కాల్చి చల్లారనిస్తే మెత్తబడి, సీటు మీద అసలు గుడ్డ బెల్టులా వాలతాయి.

మిగ్-21 కోసం 48 తీసుకోమని ఎందుకంటానంటే, దాని కాక్‌పిట్ లోపలి రంగు కోసమే. రష్యన్ జెట్లలో కనిపించే నీలం కలిసిన ఆకుపచ్చ అది. 72లో సన్నటి కానపీ కింద ఆ రంగు ఒక మరకలా కనిపిస్తుంది, అంతే. 48లో దాని మీద నల్లటి స్విచ్‌లు, కాస్త మురికి, అరిగిన అంచులు అన్నీ విడివిడిగా చూపించవచ్చు. కానపీ తెరిచి పెడితేనే ఇదంతా. మూసేసేటట్టయితే కాక్‌పిట్ మీద వారం రోజులు కూర్చోవడం వృథా, ఏ స్కేల్ అయినా సరే.

ప్యానెల్ లైన్లు, అంటే విమానం రేకులు కలిసే చోట ఉండే గీతల దగ్గర లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. కిట్‌లో గాడి వెడల్పు 0.1 మిల్లీమీటర్ అనుకుందాం. 72తో హెచ్చవేస్తే 7 మిల్లీమీటర్లకు పైమాట. నిజం జెట్టు రేకుల మధ్య అన్ని చోట్లా అంత సందు ఉంటే అది ఎగరదు, ఊడి పడుతుంది. 48లో అదే గాడి 4.8 మిల్లీమీటర్లు, 32లో 3.2. అందుకే 72లో నల్లటి వాష్ (గాడుల్లోకి పారేలా బాగా పలుచన చేసిన రంగు) దట్టంగా నింపితే విమానం గచ్చు మీద పరిచిన పలకల్లా కనిపిస్తుంది. నా మొదటి ఎఫ్-16 అలాగే అయింది, ఇప్పటికీ దాన్ని చూసినప్పుడల్లా వంటింటి టైల్సే గుర్తొస్తాయి. 72లో కింది రంగుకంటే ఒక మెట్టు ముదురు బూడిద వాష్ చాలు. కదిలే భాగాల చుట్టూ, అంటే ఫ్లాప్‌లు, ఐలెరాన్లు, చక్రాల తలుపుల అంచుల్లో, మాత్రమే కొంచెం చిక్కగా పెట్టండి. అక్కడ నిజంగానే సందు ఉంటుంది కాబట్టి.

మందం విషయంలోనూ ఇదే చిక్కు. రెక్క వెనక అంచు ప్లాస్టిక్ అర మిల్లీమీటర్ ఉంటే, 72లో అది నిజం విమానంలో మూడున్నర సెంటీమీటర్ల మొద్దు అంచు అన్నమాట. రెండు సగాలూ అతికించక ముందే లోపలి వైపు ఉప్పు కాగితంతో అరగదీసి సన్నం చేయాలి. 48లోనూ చేయాల్సిందే గానీ వదిలేసినా అంతగా బయటపడదు.

ఇన్‌టేక్, అంటే ఇంజిన్‌కు గాలి వెళ్లే నోటి దగ్గర 48ది పైచేయి. ఎఫ్-16 కడుపు కింద తెరుచుకున్న నోటిలోంచి లోపలికి చూస్తే గొట్టం రెండు సగాలూ కలిసిన అతుకు కనిపిస్తుంది. అసలు విమానంలో అది నున్నటి తెల్ల సొరంగం. 48లో అయితే పుల్లకు ఉప్పు కాగితం చుట్టి లోపలికి పోనిచ్చి ఆ అతుకును అరగదీయవచ్చు. 72లో ఆ పుల్ల కూడా దూరదు. అక్కడ పనికొచ్చే చిట్కా ఒకటుంది. పల్చటి తెల్లరంగు గొట్టంలో పోసి, అటూ ఇటూ వంచి, మిగిలింది వంపేయండి. రెండు మూడు సార్లు అలా చేస్తే అతుకు చాలావరకు మునిగిపోతుంది. అంత ఓపిక లేకపోతే ఎర్ర రంగు ఇన్‌టేక్ కవర్ ఒకటి చేసి నోరు మూసేయండి. నేలమీద నిలిపిన నిజం జెట్లకూ అలా పెడతారు గదా, ఎవరూ తప్పు పట్టరు.

ముక్కులో బరువు పెట్టడం మూడు స్కేళ్లలోనూ తప్పదు. జెట్ మోడల్ బరువు ఎక్కువగా వెనక ఇంజిన్ గొట్టం వైపే ఉంటుంది, ప్రధాన చక్రాలు దానికి ముందు ఉంటాయి. బరువు వేయడం మరిచిపోతే అంతా అయ్యాక ముక్కు గాల్లోకి లేచి తోక మీద కూర్చుంటుంది. ఒకసారి రంగు, డికాల్స్ అన్నీ అయ్యాక అలా కూర్చుంది నాది. తలప్రాణం తోకకొచ్చింది అంటారే, సరిగ్గా అదే. మిగ్-21కి ఇంకో ఇబ్బంది ఉంది. ముక్కే ఇన్‌టేక్ కాబట్టి లోపల ఖాళీ ఉండాలి, సీసం నింపేద్దామంటే చోటుండదు. ఆ నోటి మధ్యలో ఉండే శంకువులోనే బరువు నింపాలి. 72లో ఆ శంకువు చిన్నది, చేపల గాలానికి కట్టే సీసపు గుండును సుత్తితో కొట్టి, ముక్కలు చేసి కూరాను. 48లో కాస్త తీరికగా పడుతుంది.

కానపీ గురించి ఒక్క మాట. సూపర్ గ్లూ ఆవిరి తగిలితే స్పష్టమైన ప్లాస్టిక్ మీద తెల్లటి పొర కమ్ముకుంటుంది. పీవీఏ జిగురే (తెల్లటి జిగురు) వాడండి. బుడగలా ఉబ్బిన కానపీల నెత్తిన కొన్ని కిట్లలో అచ్చు గీత ఉంటుంది. దాన్ని సన్నటి కాగితంతో అరగదీసి మళ్లీ మెరుగు పెట్టాలి. 72లో ఇది పది నిమిషాల పని, 48లో అర పూట.

రంగు దగ్గర 72 తన లాభం చూపిస్తుంది. బ్రష్‌తోనే చేసేవాళ్లకు, అంటే ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పనిముట్టు) లేనివాళ్లకు, నా సలహా సూటిగా 72. పల్చగా మూడు నాలుగు పూతలు వేస్తే చారలు కనిపించవు. 48లో రెక్క పైభాగం ఒకే బూడిద రంగుతో బ్రష్‌తో నింపితే ఎంత జాగ్రత్త పడినా చారలు తేలతాయి. ఎయిర్‌బ్రష్ ఉంటే మాత్రం 48లో పని చేయడం హాయి. మెత్తగా కలిసిపోయే కామోఫ్లాజ్ అంచు అసలు విమానంలో 5 సెంటీమీటర్లు ఉంటే, 48లో ఒక మిల్లీమీటర్, 72లో 0.7. ఆ 0.7 కోసం రంగు పలుచదనం, గాలి ఒత్తిడి, చెయ్యి దూరం మూడూ కుదరాలి. మూడిట్లో ఒకటి తప్పినా రంగు పొగ చల్లినట్టు చుట్టూ పరుచుకుంటుంది. నా చేతికది పదిసార్లలో మూడుసార్లు కుదురుతుంది. అందుకని 72లో మైనంలాంటి అంటుకునే ముద్దను సన్నటి తాడుగా చేసి అంచు వెంట పెట్టి రంగు కొడతాను. ఎఫ్-16కి అమెరికన్లు వేసే ఎఫ్ఎస్ (అమెరికా ప్రభుత్వ రంగుల పట్టిక) 36118, 36270, 36375 బూడిదల్లో 36118 బాగా ముదురుది. 72లో ఆ ముదురు రంగు మరీ నల్లగా కనిపిస్తుంది, కొద్దిగా తెలుపు కలుపుకుంటే నయం. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదన పెట్టుకోను.

సుఖోయ్‌ను 72లోనే చేయమన్నానా, దానికి పెద్ద కారణం ఇంజిన్ల చుట్టూ ఉన్న లోహపు భాగం. కాలిన వెండి, నీలం, గోధుమ రంగులు పలకపలకకూ మారుతూ ఉంటాయి. 72లో కూడా అది దోసెడంత జాగా, ఎంతైనా ఆడుకోవచ్చు. 48లో అదే పని రెండు రెట్లకు పైగా పెరుగుతుంది, అందం మాత్రం ఆ లెక్కన పెరగదు.

డికాల్స్ దగ్గర చాలామంది మోసపోతారు. చిన్న మోడల్‌కు చిన్న పని అనుకుంటారు. విమానం మీద ఉండే హెచ్చరిక అక్షరాలు 72లోనూ అన్నే, 48లోనూ అన్నే. అవి చిన్నవయ్యాయంతే. పట్టకారుతో 72 స్కేల్ అక్షరాలను ఒక్కొక్కటిగా సరైన చోట నిలపడం 48 కంటే ఎక్కువ కష్టం. నిగనిగలాడే క్లియర్ పూత వేశాకే డికాల్ అతికించండి, లేకపోతే గరుకు ఉపరితలం మీద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. 72లో మరీ చిన్న అక్షరాలను సగం వదిలేస్తాను. రెండడుగుల దూరం నుంచి ఎవరూ లెక్కపెట్టరు.

32కి వద్దాం. ఫోటోల్లో చూస్తే నోరూరుతుంది. మీటర్ 2.5 మిల్లీమీటర్లు, అంకెలు కూడా చదవచ్చు. కానీ ఆ స్కేల్‌లో ఖాళీ జాగా అంటే లోటు కింద లెక్క. 48లో చక్రాల గుంతలో రెండు గొట్టాలు, ఒక వైరు పెడితే నిండుగా కనిపిస్తుంది. 32లో అది బోసిగా ఉంటుంది, ఇంకో పది వైర్లు లాగాలి. తర్వాత ఇంజిన్ తెరవాలనిపిస్తుంది, తర్వాత తుపాకీ అర. ఒక్క కాక్‌పిట్‌కే నెలలు పోతాయి. ముక్కులో బరువు ఎక్కువైతే ప్లాస్టిక్ కాళ్లు కొన్నాళ్లకు వంగిపోతాయి, లోహపు కాళ్లు వేరే వేసుకోవాలి. సుఖోయ్‌ను 32లో చేస్తే పొడవు 68 సెంటీమీటర్లు, రెక్కల వెడల్పు 46. ఏడాదికి ఒక్క మోడల్ చేసినా చాలు అనుకునేవాళ్లకే ఇది. మిగ్-21 లాంటి చిన్న జెట్టునైతే 32లో చేయమని అంటాను. దాని రెక్కలు అప్పుడు కూడా 22 సెంటీమీటర్లే.

కిట్ల కంపెనీ టామియా ఎఫ్-16ను మూడు స్కేళ్లలోనూ చేస్తుంది. ఇంకో కంపెనీ ఎడ్వర్డ్ మిగ్-21ను 72, 48 రెండిట్లోనూ ఇస్తుంది. కాబట్టి ఇష్టమైన విమానం ఫలానా స్కేల్‌లో రాదన్న బాధ ఈ రెండిటికీ లేదు.

మొదటి జెట్ చేసేవాళ్లకు 72 ఇవ్వాలని అందరూ అంటారు. నేను అక్కడ విడిపోతాను. ఎయిర్‌బ్రష్ ఉంటే మొదటిది 48 ఎఫ్-16 చేయండి. భాగాలు వేళ్లకు అందుతాయి, పట్టకారులోంచి ఎగిరిపోయినా నేలమీద దొరుకుతాయి. 72లో ఎగిరిన పిటో గొట్టం (గాలి వేగం కొలిచే సన్నటి కడ్డీ) నాకు ఇంతవరకు దొరకలేదు. ఎయిర్‌బ్రష్ లేకపోతే 72 మిగ్-21 తీసుకుని, కానపీ మూసేసి, లోహం రంగులో చేసేయండి.

కిట్ పెట్టె తెరిచే ముందు ఇంకో పని. విమానం పొడవు, రెక్కల వెడల్పు స్కేల్‌తో భాగించి, ఆ కొలతకు కాగితం కత్తిరించి మీ షెల్ఫ్ మీద పెట్టి చూడండి. మిగ్-21 అయితే ముక్కు ముందుకు పొడుచుకు వచ్చే పిటో గొట్టాన్ని ఆ కొలతలో కలపడం మరిచిపోకండి. షెల్ఫ్ తలుపు వేసినప్పుడు ముందు విరిగేది అదే.