డబ్బు చేతికివ్వడం మేలా, మనిషిని ఇంటికి పంపడం మేలా?

ఒకటో తారీఖు పొద్దున ఏడింటికల్లా తెనాలిలో మా మేనత్త ఇంటి ముందు సచివాలయం ఉద్యోగి బండి ఆగుతుంది. అత్తయ్యకి 78 ఏళ్లు. మామయ్య పోయాక ఒక్కతే ఉంటోంది. మిషను మీద వేలిముద్ర ఒక పట్టాన పడదు. జన్మంతా అంట్లు తోమిన వేళ్లు కదా, గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడుచుకుని బొటనవేలు పెడుతుంది, కాదంటే చూపుడు వేలు. అదీ కాకపోతే ఆ అబ్బాయి ఫోన్ ఆవిడ ముఖానికి ఎదురుగా పట్టుకుని "ఇటు చూడండి మామ్మగారూ" అంటాడు. ఆ తతంగం అయ్యాక ఎనిమిది ఐదు వందల నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. ఆ రోజంతా అత్తయ్య మాట తీరే వేరు.

ఇబ్బంది ఏమిటంటే, రెండేళ్లుగా ఆవిడ కుడి భుజం పట్టేసింది. చెంబు తల దాకా లేవదు. జాకెట్టు చెయ్యి తొడుక్కోవడానికి పది నిమిషాలు పడుతుంది. వంట చేసుకుంటుంది, గుడికి వెళ్తుంది, కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టడం కూడా నేర్చుకుంది. స్నానం దగ్గరే ఇంకొకరు కావాలి. నాలుగు వేలున్నాయి, చెంబు ఎత్తే చెయ్యి లేదు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇంటి దగ్గరే ఆసరా ఇవ్వాలంటే దారులు రెండు. డబ్బు చేతికిచ్చి "మీ ఏర్పాటు మీరు చూసుకోండి" అనడం ఒకటి. మనిషినే పంపడం రెండోది. జపాన్ రెండో దారి పట్టింది. జర్మనీ రెండిట్లో ఏది కావాలో మిమ్మల్నే కోరుకోమంటుంది. మన దగ్గర ఉన్నది మొదటిదే. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది మేలో తేలుతుందని మొదలుపెట్టాను. తేలింది కానీ, నేననుకున్న చోట కాదు.

ముందు జర్మనీ. అక్కడ 1995 నుంచి సంరక్షణ బీమా ఉంది. ఆరోగ్య బీమా వేరు, ఇది వేరు. 2025 లెక్క ప్రకారం జీతంలో 3.6 శాతం దీనికి పోతుంది, అందులో యజమాని వాటా కూడా ఉంటుంది. పిల్లలు లేనివాళ్లకైతే 4.2 శాతం. పిల్లల్ని పెంచడం కూడా ఈ బీమాకి ఒక రకం చందాయేనని 2001లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది, ఈ తేడా అక్కణ్ణుంచి వచ్చిందే. మనవాళ్లు వింటే ముక్కున వేలేసుకుంటారు.

సాయం కావాలని దరఖాస్తు పెడితే ఒక పరీక్షకుడు ఇంటికొస్తాడు. నడవగలరా, జ్ఞాపకం ఎలా ఉంది, మందులు వేళకి వేసుకోగలరా, ఇలా ఆరు అంశాలు చూస్తాడు. అన్నిటికన్నా బరువు మాత్రం తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి వాటికే, నూటికి నలభై వంతు. దాన్నిబట్టి ఒకటి నుంచి ఐదు దాకా మెట్టు నిర్ణయిస్తారు. 2025 రేట్లలో రెండో మెట్టువాళ్లకి నెలకి 347 యూరోల డబ్బు, లేదా 796 యూరోల విలువైన సేవ. మూడో మెట్టుకి 599 లేదా 1,497. ఐదో మెట్టుకి 990 లేదా 2,299. అంటే డబ్బు కోరుకుంటే సేవ విలువలో సగం కూడా రాదు. రెండూ కలిపి కూడా తీసుకోవచ్చు. సేవ కోటాలో 60 శాతం వాడుకుంటే, డబ్బు కోటాలో మిగిలిన 40 శాతం చేతికొస్తుంది.

ఇంత తేడా ఉంటే అందరూ సేవనే కోరుకుంటారనుకున్నాను. అలా లేదు. 2023 చివరికి ఈ బీమా కింద సంరక్షణ అవసరమని గుర్తించినవాళ్లు 57 లక్షలు. అందులో 49 లక్షల మంది ఇంట్లోనే ఉంటున్నారు, వాళ్లలో 31 లక్షల మందిని డబ్బు తీసుకుని ప్రధానంగా అయినవాళ్లే చూసుకుంటున్నారు.

ఎందుకో మా వీధి అమ్మాయి చెబితే కొంచెం అర్థమైంది. నర్సింగ్ చదివి, జర్మన్ బీ2 పరీక్ష పాసై వెళ్లింది. ఇళ్లకి వెళ్లి చూసే సర్వీసులో పని. పొద్దున ఆరింటికి చేతిలో ఒక చిన్న కారు తాళం, ఫోన్‌లో ఇళ్ల జాబితా. ఒకరికి ఇన్సులిన్, ఒకరికి కాళ్ల వాపుకి బిగుతు మేజోళ్లు తొడగడం, ఒకరికి స్నానం. ప్రతి పనికీ నిమిషాల లెక్క. "ఒక మామ్మ రోజూ కాఫీ తాగి వెళ్లమంటుంది. నేను గడియారం చూస్తాను. ఆవిడ నన్ను చూస్తుంది" అంది. ఎవరో ఒకరు వస్తారన్న ధీమా ఉంటుంది కానీ, ఆ వచ్చేది రోజూ ఒకే మనిషి కాకపోవచ్చు, మీకు వీలైన టైముకీ రాకపోవచ్చు. కూతురైతే కాఫీ తాగుతుంది.

ఆ డబ్బు జీతం కాదు. సాయం అవసరమైన మనిషి పేరు మీదే వస్తుంది, ఆమె ఎవరికిస్తే వాళ్లది. నాకు బాగా నచ్చింది ఇంకొకటి: వారానికి కనీసం పది గంటలు చూసుకునే బంధువు, బయట ముప్ఫై గంటలకి మించి ఉద్యోగం చెయ్యకపోతే, ఆ బంధువు పేరున సంరక్షణ బీమా సంస్థే పింఛను చందా కడుతుంది. అత్తగారి మంచం దగ్గర గడిచిన ఏళ్లు కోడలి పింఛను లెక్కలోకి వస్తాయన్నమాట. మన ఇళ్లలో ఆ ఏళ్లకి లెక్క కాదు కదా, పేరు కూడా లేదు.

రెండో వైపు కూడా చూడాలి. ఈ డబ్బుకి సొంత డబ్బు కలిపి పోలండ్, బల్గేరియా లాంటి దేశాల నుంచి వచ్చే ఆడవాళ్లని ఇంట్లోనే ఉంచుకుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పేరుకి వారానికి ముప్ఫై గంటల పని, నిజానికి రాత్రీ పగలూ అక్కడే. ఒక బల్గేరియా మహిళ కోర్టుకెక్కితే, 2021 జూన్‌లో జర్మనీ కార్మిక సుప్రీంకోర్టు పిలుపు కోసం కాచుకుని ఉన్న గంటలకి కూడా కనీస వేతనం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. డబ్బు చేతికిచ్చాక అది ఎవరి వెన్ను మీదుగా వెళ్తోందో ప్రభుత్వానికి అంతగా కనపడదు. డబ్బు తీసుకునేవాళ్ల ఇంటికి అప్పుడప్పుడు ఒక సలహాదారు వచ్చి చూసి వెళ్లాలన్న నియమం ఉంది. రానివ్వకపోతే డబ్బు కోసేస్తారు. అది లేకపోతే ఇంకెలా ఉండేదో.

ఇక జపాన్. అక్కడా ఇలాంటి సంరక్షణ బీమాయే, 2000 ఏప్రిల్‌లో మొదలైంది. నలభై దాటిన ప్రతివాళ్లూ ప్రీమియం కడతారు, 65 దాటాక అవసరమైతే వాడుకుంటారు. మెట్లు ఏడు. అన్నిటికన్నా కిందిదానికి నెలకి సుమారు 50 వేల యెన్‌ల సేవ, పైదానికి 3 లక్షల 62 వేల యెన్‌ల సేవ. అందులో పదో వంతు మీరు కట్టాలి, ఆదాయం ఎక్కువుంటే 20 లేదా 30 శాతం. డబ్బు మాత్రం చేతికివ్వరు.

ఎందుకివ్వకూడదన్న దాని మీద 1990లలో పెద్ద వాదనే జరిగింది. గట్టిగా వద్దన్నది ఆడవాళ్ల సంఘాలు. డబ్బిస్తే అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది, పని మాత్రం కోడలి మీదే ఉండిపోతుంది, పైగా "డబ్బొస్తోందిగా" అన్న మాట ఒకటి కొత్తగా వస్తుంది అన్నది వాళ్ల భయం. ఈ ఒక్క వాదన చదివినప్పుడు జపాన్‌వాళ్లు మన గుంటూరు జిల్లాలో ఎప్పుడైనా కాపురమున్నారా అనిపించింది.

అక్కడ సాయం మంజూరయ్యాక కేర్ మేనేజర్ అని ఒకరుంటారు. ఏ రోజు ఎవరు రావాలి, ఏ రోజు డే సెంటర్ వ్యాను వచ్చి తీసుకెళ్లాలి అంతా ఆ మనిషే కాగితం మీద వేసి, సంస్థలతో మాట్లాడి పెడతారు. ఇంట్లో ఉండేవాళ్లకి ఈ ప్లాను వేసినందుకు సొంత వాటా కట్టక్కర్లేదు. స్నానం సంగతే తీసుకోండి. బాత్‌రూమ్ దాకా కూడా రాలేనివాళ్ల కోసం ఒక వ్యాను వస్తుంది. ముగ్గురు దిగుతారు, మామూలుగా అందులో ఒకరు నర్సు. ముందు బీపీ, జ్వరం చూస్తారు. తర్వాత విడి భాగాలుగా తెచ్చిన తొట్టిని మంచం పక్కనే బిగించి, వ్యానులో కాగిన నీళ్లు గొట్టంతో పట్టి, మనిషిని వలలాంటి గుడ్డ మీద పడుకోబెట్టి మెల్లగా నీళ్లలోకి దించుతారు. అయ్యాక తొట్టి విప్పి, నేల తుడిచి వెళ్లిపోతారు. పదో వంతు కట్టేవాళ్లకి ఇది ఒక్కసారికి పదిహేను వందల యెన్‌ల లోపే. అత్తయ్యకి ఇంత హంగామా అక్కర్లేదు. ఆవిడకి అరగంట ఒక మనిషి చాలు. అది కింది మెట్టువాళ్లకి కూడా దొరుకుతుంది.

జపాన్ పద్ధతి ఒంటరిగా ఉండేవాళ్లని ఉద్దేశించి చేసిందేమో అనిపిస్తుంది. వంట, ఊడ్పు లాంటి ఇంటిపనికి మనిషిని పంపడం ముఖ్యంగా ఒంటరివాళ్లకే. కొడుకు కుటుంబం అదే ఇంట్లో ఉంటే, చూసుకునే వీలు లేదని చూపించాలి. వచ్చినావిడ పెద్దావిడ గదే ఊడుస్తుంది, కొడుకు గది ముట్టుకోదు. తోటకి నీళ్లు పొయ్యదు, కుక్కని తిప్పదు, పండక్కి కిటికీలు కడగదు. మన వాళ్లకి ఇది పిసినారితనంలా ఉంటుంది కానీ, ఆ గీత గియ్యకపోతే పంపిన మనిషి వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ పనిమనిషి అవుతుంది.

అక్కడి అసలు చిక్కు మనుషుల కొరత. పనికి తగ్గ జీతాలు లేవు. దానికి తోడు 2024లో ఇళ్లకి వెళ్లే సేవలకి సంస్థలకిచ్చే ప్రాథమిక రేటు తగ్గించారు, చిన్న సంస్థలు లబోదిబోమన్నాయి. 2025 ఏప్రిల్ నుంచి విదేశీ ఉద్యోగుల్లో ఇంకా చాలామందిని ఇళ్లకి పంపడానికి అనుమతించారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్‌కీ జర్మనీకీ కూడా మన పిల్లల్ని తయారుచేసి పంపుతోంది. వాళ్ల ముసలివాళ్లకి స్నానం చేయించడానికి మన దగ్గర మనుషులున్నారు!

మన దగ్గర. ఆంధ్రాలో వృద్ధుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగుల్లాంటివాళ్లకి 15,000. తెలంగాణలో ఆసరా కింద వృద్ధులకి 2019 పెంపుతో 2,016 రూపాయలయింది. 70 దాటినవాళ్లకి ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే కేంద్రం కార్డు 2024 అక్టోబరులో వచ్చింది, అది ఆస్పత్రిలో చేరితేనే.

ఈ పింఛనుని నేను చిన్నచూపు చూడను. అత్తయ్య మనవడికి పుట్టినరోజుకి ఐదు వందలు పంపుతుంది, ఎవరినీ అడగదు. ఆ దర్జా ఏ సేవా ఇవ్వదు. కాబట్టి పింఛను తీసేసి మనిషిని పంపండి అనేవాళ్లతో నేను కలవను. కానీ ఇక్కడ మెట్లు చూడండి: సొంతంగా గుడికెళ్లే మనిషికి 4,000, మంచం దిగలేని మనిషికి 15,000. నడుస్తుంది, వండుకుంటుంది, స్నానం మాత్రం చేసుకోలేదు అన్న మనిషికి మధ్యలో మెట్టే లేదు. జర్మనీ రెండో మెట్టూ, జపాన్ కింది మెట్లూ సరిగ్గా అక్కడే ఉన్నాయి. డబ్బా, మనిషా అని వెతుకుతూ వచ్చి నేను ఆగిపోయింది ఇక్కడ.

మధ్యలో మెట్టు ఉంటే అక్కడ ఏది పెట్టాలి? ఇంట్లో చూసే మనిషి ఉండి, ఆ మనిషికీ ఇష్టమైతే, జర్మనీ డబ్బే మేలు. అదీ ఆ చూసే మనిషి పేరున పింఛను చందాతో సహా. ఒంటరిగా ఉంటే మాత్రం నా ఓటు జపాన్‌కే. కారణం డబ్బు తక్కువని కాదు. ఇక్కడ ఎక్కువ డబ్బు పెట్టి కూడా చూశాను. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో అమ్మకి తుంటి ఆపరేషన్ అయినప్పుడు ఒక ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టాం. పగలు పన్నెండు గంటలకి నెలకి 18 వేలు, ముందే ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ అదనం. ఆరో రోజు ఆ అమ్మాయి రాలేదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "పంపిస్తాం సార్" అన్నారు, సాయంత్రానికి ఫోన్ ఎత్తడం మానేశారు. అమ్మ మంచం మీద, నేను ఆఫీసు మీటింగులో, ఆ టెన్షన్ చెప్తే అర్థం కాదు. మనిషి రాని రోజు ఎవరిని అడగాలి అన్నదానికి జపాన్‌లో ఒక పేరు, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. డబ్బు దారిలో ఆ నంబరు మీదే.

ఇక్కడ చెయ్యలేనంత పనేమీ కాదు. ఒకటో తారీఖున గడప గడపకీ డబ్బు మోసుకెళ్లగలిగిన యంత్రాంగం ఉంది. ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. వారానికి మూడు అరగంటలు చాలు, నేర్పి, జీతమిచ్చి, రాకపోతే బదులు పంపే బాధ్యత ఒక సూపర్‌వైజర్ మీద పెడితే సరిపోతుంది. పెద్దావిడ కూడా పదో వంతు కడుతుంది, ఊరికే తీసుకోవడం వాళ్లకీ ఇష్టముండదు.

అత్తయ్య ఏర్పాటు అత్తయ్య చేసుకుంది లెండి. పాలు పోసే ఆవిడ మంగళవారం, శుక్రవారం పని తెముల్చుకుని వచ్చి నీళ్లు పోసి, వీపు రుద్ది, జాకెట్టు తొడిగి వెళ్తుంది. వచ్చినప్పుడల్లా వంద రూపాయలు, కాఫీ. బాగానే సాగుతోంది. మొన్న సంక్రాంతికి ఆవిడ కూతురి ఊరు వెళ్లి పదకొండు రోజులు రాలేదు. భోగి నాడు పొద్దున్నే ఫోన్ చేశాను, తలంటు పోసుకున్నావా అత్తయ్యా అని. "తడిగుడ్డతో తుడుచుకున్నాలేరా. తలకి వచ్చే మంగళవారం" అంది.